మూడో ప్రకటనకు ముందు

“తాళంచెవి నీకెందుకు?” అని క్రిస్టినా మళ్లీ అడిగింది.

కూతురు రూబీ టీవీ కింద సొరుగు మొత్తం బయటికి లాగి, మంచం మీద బోర్లించి వెతుకుతోంది. పాత మందుల చీటీలు, కరెంటు బిల్లులు, తండ్రి కళ్లజోడు, తెగిపోయిన వాచీ బెల్టు అన్నీ ఉన్నాయి, కావలసినది ఒక్కటే లేదు. ఇంకా ఆరు కాలేదు. గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. అందులో నరసాపురం, అక్కణ్ణుంచి బస్సులో నిడదవోలు, అక్కడ వైజాగ్ రైలు. ఆటో అతను అప్పటికి రెండుసార్లు హారన్ కొట్టాడు.

“నిన్నే అడిగేది. ఆ పెట్టె తాళంచెవితో నీకేం పని?”

“నువ్వు ఊళ్లో ఉండవు కదా. రేపు నేను తీసి చదువుదామని.”

“ఇన్నేళ్లలో ఒక్క శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వచ్చావా నువ్వు?”

రాలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మొగల్తూరు చర్చి గుమ్మం పక్కన గోడకి చిన్న చెక్కపెట్టె ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. శుక్రవారం పొద్దున పెట్టె తెరిచి, ఆడవాళ్లంతా కూర్చుని, ఒక్కో చీటీ పైకి చదివి ప్రార్థన చేస్తారు. స్త్రీల సమాజానికి కార్యదర్శి కాబట్టి పన్నెండేళ్లుగా ఆ చదివే పని క్రిస్టినాది. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు స్పష్టంగా ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఏది చదవాలో ఏది చదవకూడదో ఆమెకు తెలుసు. అత్త మీద కోడలు వేసిన చీటీ, పక్కింటివాళ్ల మీద పక్కింటివాళ్లు వేసిన చీటీ నిశ్శబ్దంగా ఆమె హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లిపోతాయి. మర్నాడు పెరట్లో చెత్తతోపాటు కాలిపోతాయి.

“తాళంచెవి నిన్న సాయంత్రమే జ్ఞానమ్మ గారికి ఇచ్చేశాను,” అంది క్రిస్టినా.

రూబీ వెతకడం ఆపేసింది.

జ్ఞానమ్మ మంచి మనిషే. స్త్రీల సమాజానికి పెద్ద. కాకపోతే ఆమెకు ఒక పట్టుదల ఉంది. దేవుడికి రాసిన చీటీని మధ్యలో ఆపడానికి మనమెవరం అంటుంది. కిందటేడు క్రిస్టినాకి జ్వరం వస్తే ఒక్క వారం ఆమె చదివింది. ఎవరో అల్లరిపిల్లలు పెట్టెలో వేసిన సినిమా టికెట్టును కూడా వదలకుండా పైకి చదివి, అది వేసిన ఆత్మ కోసం పది నిమిషాలు ప్రార్థన పెట్టింది. ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటుంది.

రేపు ఆమె చేతికి రూబీ రాసిన చీటీ దొరకబోతోంది.

ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరు విజయ్ పాల్ గారు రెండో ప్రకటన చదివారు. ఈ సంఘ సభ్యురాలు, వితంతువు అయిన క్రిస్టినా గారికీ, విశాఖపట్నం సంఘ సభ్యులు, భార్యను కోల్పోయిన ఆశీర్వాదం గారికీ వివాహం నిశ్చయమైనది. ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే మూడో ప్రకటనలోగా తెలియజేయవలెను. పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు అలా చదవడం ఆ సంఘంలో ఆచారం. ఇరవై ఏళ్ల పిల్లల పెళ్లిళ్లకి చదివితే ఎవరూ తలెత్తరు. యాభై నాలుగేళ్ల టీచరు పేరు చదివేసరికి ముందు బల్లలవాళ్లంతా ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు. క్రిస్టినా చూపు పాటల పుస్తకం మీదే ఉంచింది. పక్కన కూర్చున్న రూబీకి మాత్రం ఒళ్లంతా మండిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఎడంచేత్తో, వంకర అక్షరాలతో రాసింది. “ఆశీర్వాదం మొదటి భార్య బతికే ఉంది. విచారించుకోండి.” అంతే. సంతకం లేదు. ఆయన భార్యను పాతిపెట్టడం ఎవరూ చూడలేదట అని చర్చి బయట ఎవరో అనగా విన్నది. మిగిలింది తనే కల్పించుకుంది. శుక్రవారం అమ్మ పెట్టె తెరుస్తుంది, చీటీ చూస్తుంది, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటుంది. ఎవరితోనూ అనదు. ఏదో సాకు చెప్పి మూడో ప్రకటన ఆపించుకుంటుంది. అమ్మ సంగతి రూబీకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అమ్మ ఒక్కతే చదవాలని రాసిన చీటీ అది. ఇంత మంచి ఉపాయం తట్టిందని ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పోయింది.

బుధవారం వైజాగ్ నుంచి ఆశీర్వాదం కూతురు హెలెన్ ఫోన్ చేసింది. సముద్రం ఒడ్డున ఉత్సవాలు జరుగుతున్నాయి, ఇద్దరూ రండి, శనివారం వెళ్లిపోదురుగాని అంది. క్రిస్టినా సెలవు పెట్టి, తాళంచెవి ఇచ్చి, బట్టలు సర్దుకుంది. రూబీ ఉపాయం అక్కడితో తలకిందులైంది.

“నేను రాను,” అంది రూబీ. “నువ్వెళ్లు. నాకు సచివాలయంలో పని ఉంది.”

“సెలవు పెట్టానని నిన్న చెప్పావు.”

“పెట్టాను. మనసు మారింది.”

క్రిస్టినా బ్యాగు జిప్పు వేసి, వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది. ఆమె కోప్పడినప్పుడు గొంతు తగ్గుతుంది. తరగతిలో పిల్లలు ఆ గొంతుకే భయపడతారు.

“చూడు రూబీ. నాలుగు నెలల నుంచి నువ్వు ఆయన పేరు ఎత్తవు. నేనెత్తితే లేచి వెళ్లిపోతావు. సరే. ఒక్కసారి ఆ ఇంటి గుమ్మం తొక్కు. ఆయనతో కూర్చుని ఒక పూట అన్నం తిను. అప్పటికీ వద్దనిపిస్తే నా మొహం మీద చెప్పు.”

“చెబితే మానేస్తావా?”

బయట మూడోసారి హారన్ మోగింది.

“ముందు ఆటో ఎక్కు,” అంది.

రూబీ ఎక్కింది. ఊళ్లో ఉండిపోయినా జ్ఞానమ్మ దగ్గరికి వెళ్లి ఏమని అడుగుతుంది? ఏ చీటీ కోసమమ్మా అంటే ఏం చెబుతుంది? ఆటో చర్చి ముందు నుంచే వెళ్లింది. చెక్కపెట్టె గోడకి అలాగే ఉంది, తాళంతో సహా.

రైల్లో కిటికీ సీటు తల్లికి ఇచ్చేసి రూబీ ఫోన్ పట్టుకు కూర్చుంది. జ్ఞానమ్మ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ఆమె ఫోను బీరువాలో పెట్టి తాళం వేసుకునే రకం. కొవ్వూరు దాటేలోపు నాలుగుసార్లు చేసింది. అయిదోసారి చేయబోతుంటే వంతెన మొదలైంది. క్రిస్టినా కిటికీకి మొహం ఆనించి నీళ్లు చూస్తూ, ధవళేశ్వరం వైపు ఇసుక ఎంత బయటపడిందో చూడమంది. రూబీ చూడలేదు.

“ఎవరికి అన్నిసార్లు చేస్తున్నావు?”

“ఆఫీసుకి.”

రాజమండ్రిలో ఇద్దరూ టీ తాగారు. సామర్లకోట దగ్గర రూబీయే నోరు విప్పింది. మనసులో గుచ్చుకుంటున్నది ఒకటైతే నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

“నాన్న ఫోటో ఏం చేస్తావు? అక్కడికి తీసుకెళ్తావా, నా దగ్గర వదిలేస్తావా?”

రమేష్ బాబు పోయి ఆరేళ్లయింది. ఆ ఫోటో హాల్లో, తలుపు తీయగానే కనబడేలా ఉంటుంది.

“తెమ్మని ఆయనే అన్నారు,” అంది క్రిస్టినా. “హాల్లో వాళ్లావిడ ఫోటో పక్కన మేకు కూడా కొట్టించారట.”

రూబీకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ మనిషి చెడ్డవాడైనా బాగుండేది. మంచివాడిని ద్వేషించడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసొస్తోంది.

వైజాగ్ స్టేషన్లో ఆశీర్వాదం ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, బక్కగా, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. వాళ్ల బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని సరిగ్గా అక్కడే నిలుచున్నాడు. “వందనాలు టీచరు గారు,” అన్నాడు. పేరు పక్కన పేరు పెట్టి రెండు ప్రకటనలు చదివాక కూడా ఆయనకు క్రిస్టినా టీచరు గారే. రెండేళ్ల కిందట నరసాపురం క్రైస్తవ కన్వెన్షన్లో భోజనాల దగ్గర పరిచయమైనప్పుడు ఏమని పిలిచాడో ఇప్పటికీ అదే పిలుపు. రూబీ చేతిలో బ్యాగు తీసుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. ఆయన క్రిస్టినా బ్యాగు అందుకుని ముందు నడిచాడు.

ఫ్లాటు చిన్నది. హాల్లో గోడ మీద ఒక ఆవిడ ఫోటో, పక్కన ఖాళీ మేకు. రూబీ ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చుంది. హెలెన్ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. అదే వీధిలో ఉంటుంది. ఆ పూట డ్యూటీ మార్చుకుని వచ్చి వంట చేసింది. చేపల పులుసు మీ గోదారోళ్లు చేసినట్టు రాదు, సర్దుకోండి అంది. క్రిస్టినా రెండోసారి వడ్డించుకుంది. రూబీ ముల్లు తీసుకోలేక తంటాలు పడుతోందని గమనించి, ఆశీర్వాదం ఇంకో ముక్క వలిచి పళ్లెం అంచున పెట్టాడు. రూబీ దాన్ని ముట్టుకోలేదు, పక్కకీ తొయ్యలేదు.

సాయంత్రం బీచికి వెళ్లారు. రోడ్డు పొడవునా రంగు దీపాల తోరణాలు కట్టారు, ఇంకా వెలిగించలేదు. ఒక పక్క పెద్ద స్టేజీ మీద మైకు పరీక్షిస్తున్నారు. ఇసుకతో చేసిన తాబేలు చుట్టూ జనం ఫోటోలు తీసుకుంటున్నారు. హెలెన్ మరమరాలు కలిపిన మురీ మిక్చర్ నాలుగు పొట్లాలు కొనుక్కొచ్చింది. ఆ జనంలో, ఆ మోతలో రూబీ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని మళ్లీ మళ్లీ జ్ఞానమ్మకి చేస్తూనే ఉంది. రేపు పొద్దున పదింటికి ఉపవాస ప్రార్థన మొదలవుతుంది. మధ్యలో ఒక్క రాత్రే ఉంది.

క్రిస్టినా చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని నీళ్లలోకి నడిచింది. అల వచ్చి మడమలు తడిపితే ఒక్క అడుగు వెనక్కి వేసి, చిన్నపిల్లలా నవ్వింది. రూబీ చెవి దగ్గరి ఫోను కిందికి దిగింది. ఆ నవ్వు ఆమె విని ఆరేళ్లు దాటింది. నాన్న పోయాక అమ్మ నవ్వలేదని కాదు. బడి విషయాలకి, ఊరి కబుర్లకి నవ్వేది. ఈ నవ్వు వేరు. తనింట్లో ఈ నవ్వు లేదని ఇన్నాళ్లూ తను గమనించనేలేదని రూబీకి సిగ్గేసింది.

వెనక్కి చూస్తే ఆశీర్వాదం ఇంకా రోడ్డు పక్క గట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతిలో క్రిస్టినా చెప్పులు పట్టుకుని. ఇసుకలోకి ఒక్క అడుగు కూడా వేయలేదు.

“మీ నాన్నగారు రారేం?” అని రూబీ అడిగింది.

హెలెన్ పొట్లం మడిచి చేతిలో పట్టుకుంది. “రారు. మిమ్మల్ని తీసుకొస్తాననడమే నాకు ఆశ్చర్యం. తొమ్మిదేళ్లయింది ఈ రోడ్డుకి వచ్చి.”

“ఎందుకు?”

“ఆంటీ నీకు చెప్పలేదా?”

ఏటా ఈస్టరు పొద్దున తమ సంఘంవాళ్లు ఈ ఇసుకలోనే సూర్యోదయ ఆరాధన పెట్టుకుంటారని హెలెన్ చెప్పింది. తొమ్మిదేళ్ల కిందట ఆరాధన అయ్యాక ఆడవాళ్లు కాళ్లు తడుపుకుందామని దిగారు. పెద్ద అల ఒకటి ముగ్గురిని లాగేసింది. పడవ మీద వస్తున్న జాలరివాళ్లు ఇద్దరిని పట్టుకున్నారు.

“మీ అమ్మగారు?”

“దొరకలేదు. పదిహేను రోజులు వెతికారు. అటు భీమిలి దాకా, ఇటు పూడిమడక దాకా. ఏమీ దొరకలేదు.” హెలెన్ గొంతులో ఏడుపు లేదు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటలు. “సమాధి లేదు. చర్చి గోడలో పేరు చెక్కిన రాయి పెట్టారు. రేపు చూపిస్తాలే.”

రూబీ తన పొట్లం పక్కన పెట్టేసింది. పాతిపెట్టడం ఎవరూ చూడలేదట. నిజమే, చూడటానికి ఏముంది? ఆ మాట పట్టుకునే తను ఎడంచేత్తో రెండు ముక్కలు రాసింది. రేపు పదింటికి జ్ఞానమ్మ కళ్లజోడు పెట్టుకుని, నలభై మంది ఆడవాళ్ల ముందు ఆ మాటల్ని గట్టిగా చదువుతుంది. సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత అమ్మ ఆ చర్చిలో ఎలా తలెత్తుకుంటుంది? ఈ హెలెన్ చెవిన పడితే?

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో తల్లి పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది.

“వాళ్లావిడ సంగతి నీకు ముందే తెలుసా?”

“తెలుసు. పరిచయమైన రోజే చెప్పారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వెప్పుడు అడిగావు?” అంది క్రిస్టినా. గొంతులో కోపం లేదు. తడిసిన కుచ్చెళ్లు పిండుకుంటోంది.

అప్పుడే చెప్పేస్తే బాగుండేది. రూబీ నోటిదాకా వచ్చింది కూడా. ముందు సీట్లో ఆశీర్వాదం వెనక్కి తిరిగి, టీచరు గారికి చలేస్తోందేమో, పరదా దించమంటారా అని అడిగాడు. మాట వెనక్కి పోయింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి, వంటింటి బాల్కనీలో నిలబడి చేస్తే జ్ఞానమ్మ ఫోన్ ఎత్తింది.

“ఏంటమ్మా రూబీ, పొద్దున్నే ఫోను చేశావు? వైజాగు బావుందా? అమ్మ కులాసానా?”

“బావుందండి. పెట్టె... ప్రార్థన పెట్టె తీశారాండి?”

“ఆయ్, నిన్న సాయంత్రమే తీసేశానమ్మా. నాకు చత్వారం కదా, ముందే ఒకసారి చూసుకుంటే తడబడకుండా చదవచ్చని.” జ్ఞానమ్మ గొంతు తగ్గించింది. “నీతో ఒక మాట చెప్తాను, అమ్మతో అనకు. మనసు కష్టపెట్టుకుంటుంది. ఎవరో పాపాత్ములు మీ అమ్మ పెళ్లి మీద చీటీ రాసి వేశారమ్మా. ఆయన భార్య బతికే ఉందంట. చేతులెలా వచ్చాయో.”

“అది... అది చదువుతారాండి?”

“ప్రార్థన అంశమైతే చదువుతాను. అది అభ్యంతరం. అభ్యంతరం అయ్యగారికి చెందాలి కదా. రాత్రే తీసుకెళ్లి విజయ్ పాల్ అయ్యగారి చేతిలో పెట్టేశాను. ఆయనే చూసుకుంటారు. నువ్వేం బెంగపెట్టుకోకు.”

ఎన్నేళ్లుగానో ఏ చీటీనీ ఆపనని చెప్పుకునే జ్ఞానమ్మ, ఆపక ఆపక దీన్నే ఆపింది. ఆపి చేరకూడని చోటుకే చేర్చింది. రూబీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. థాంక్సండి అని చెప్పి పెట్టేసి, వెంటనే పాస్టరు గారికి చేసింది. తనే రాశానని చెప్పేస్తుంది. తిట్టనీ, అమ్మకి చెప్పనీ, ఏమైనా కానీ. చీటీ చింపేస్తే చాలు.

ఆయన వేరే కాల్‌లో ఉన్నారని ఫోన్ చెప్పింది. మళ్లీ చేసింది. వేరే కాల్. మూడోసారి నొక్కబోతుంటే, లోపల హాల్లోంచి విజయ్ పాల్ గారి గొంతు వినబడింది.

రూబీ గుమ్మందాకా వెళ్లింది.

ఆశీర్వాదం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాడు. పక్కన క్రిస్టినా ముక్కలు కోస్తోంది. ఫోన్ బల్ల మీద స్పీకర్లో ఉంది. ముప్పై ఏళ్లు పోర్టులో క్రేన్ల కింద పనిచేసి ఆయనకు చెవులు కాస్త మందగించాయి, ఎవరు చేసినా అలాగే మాట్లాడతాడు. హెలెన్ ఇడ్లీలు తెచ్చిపెడుతూ మధ్యలో ఆగిపోయింది.

“...ఏమీ అనుకోకండి ఆశీర్వాదం గారు,” అంటున్నారు పాస్టరు గారు. “మీ మొదటి భార్య బతికే ఉందని ఎవరో చీటీ వేశారు. సంతకం లేదు. నేను నమ్మలేదు. కానీ అభ్యంతరమంటూ నా చేతికి వచ్చాక, కాగితం చూడకుండా మూడో ప్రకటన చదవలేనండి. మీ సంఘంవాళ్లు ఇచ్చిన లేఖ నా దగ్గర ఉంది. ఆవిడ డెత్ సర్టిఫికెట్ ఒక్కటి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఆదివారం చదివేస్తాను.”

క్రిస్టినా చేతిలో కత్తి ఆగింది. ఎవరు రాసి ఉంటారు అన్నట్టు కూతురి వైపు చూసింది. అనుమానించి కాదు, తన పక్షం మనిషి కదా అని చూసింది. ఆ చూపుని రూబీ తట్టుకోలేకపోయింది.

“దానికేముంది, ఒక్క నిమిషం,” అని హెలెన్ ఇడ్లీల గిన్నె కింద పెట్టి బీరువా దగ్గరికి వెళ్లింది. “ఏ ఫైల్లో పెట్టావు నాన్నా? పెన్షన్ దాంట్లోనా?”

ఆశీర్వాదం బీరకాయ చెక్కు తీస్తూనే ఉన్నాడు. ఆ కాయకి తీయడానికి చెక్కు మిగల్లేదు.

“లేదమ్మా,” అన్నాడు.

“లేదంటే?”

“తీసుకోలేదు.”

హెలెన్ బీరువా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. “తీసుకున్నానని చెప్పావు కదా నాన్నా. నేను సెలవు పెట్టి వస్తానంటే, అయిపోయిందిలే, నువ్వు రానక్కర్లేదు అన్నావు.”

“అన్నాను.”

ఫోన్లోంచి పాస్టరు గారు హలో హలో అంటున్నారు, లైన్లో ఉన్నారాండి అని అడుగుతున్నారు. క్రిస్టినా ముందుకు వంగి, మళ్లీ చేస్తామండి అయ్యగారు అని చెప్పి ఆపేసింది. కింద వీధిలో కూరగాయల బండి మైకు అరుచుకుంటూ వెళ్లిపోయింది.

అప్పుడు ఆశీర్వాదం చెప్పాడు, తల ఎత్తకుండా, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. ఒళ్లు దొరకలేదు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వలేమన్నారట. ఏడేళ్లు ఆగి కోర్టుకి వెళ్లమన్నారట. ఏడేళ్లు ఆగాడు. వకీలు దరఖాస్తు అంతా తనే రాసిపెట్టాడు. ఆయన సంతకం పెడితే చాలు.

“పైన మొదటి లైనులోనే ఉంది. నా భార్య మరణించినదని నేను నమ్ముచున్నాను అని. దాని కింద సంతకం పెట్టాలి.” ఆయన పీలర్ కింద పెట్టాడు. “మూడుసార్లు వెళ్లాను ఆ వకీలు దగ్గరికి. మూడుసార్లూ పెన్ను తీసి, పెట్టలేక వచ్చేశాను.”

రూబీకి ఇంక ఆగడం చేతకాలేదు.

“ఆ చీటీ రాసింది నేనే.”

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. రూబీ తల్లినే చూస్తూ, గబగబా చెప్పుకుపోయింది. నువ్వొక్కదానివే చదువుతావనుకున్నాను, నువ్వు చదివి మానేస్తావనుకున్నాను, ఇలా అవుతుందనుకోలేదు అంది. “అంతా అబద్ధం అమ్మా. నాకేమీ తెలియదు. నాకు కోపమొచ్చి రాశాను. ఇప్పుడే అయ్యగారికి ఫోన్ చేసి చెప్పేస్తాను. నేనే రాశానని తెలిస్తే ఇంక అభ్యంతరమే లేదు. కాగితం అక్కర్లేదు. ఆదివారం చదివేస్తారు.”

అది నిజమే. ఒక్క ఫోనుతో తేలిపోయే పని. రూబీ పాస్టరు గారి నంబరు తెరపైకి తెచ్చింది.

క్రిస్టినా లేచి వచ్చింది. కొడుతుందేమో అనుకుంది రూబీ. కొడితే బాగుండునని కూడా అనుకుంది. క్రిస్టినా ఆమె చేతిలోంచి ఫోన్ తీసి, బీరకాయ ముక్కల పక్కన బోర్లా పెట్టింది.

“అమ్మా, నిజంగా అబద్ధమే...”

“అది అబద్ధమని నువ్వు చెప్పకు,” అంది క్రిస్టినా. గొంతు బాగా తగ్గింది. “ఆయన్ని చెప్పనీ.”

క్రిస్టినా కుర్చీ జరుపుకుని ఆశీర్వాదం ఎదురుగా కూర్చుంది, మోకాళ్లు దాదాపు తగిలేంత దగ్గరగా.

“ఆవిడ ఇంక రాదని మీరు నమ్ముతున్నారా ఆశీర్వాదం గారు?”

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. కళ్లు నిండుగా ఉన్నాయి.

“టీచరు గారు...” అన్నాడు. అంతకుమించి రాలేదు.

క్రిస్టినా అలాగే కూర్చుంది, ఆ తర్వాతి మాట కోసం.